ఆదర్శ అటక

మావారికి కొనడమంటే ఇష్టం, వాడడమంటే బద్ధకం. ఈ రెండింటి మధ్యా మిగిలిపోయిన వస్తువులన్నీ మా ఇంట్లో అటక మీద ఉంటాయి.

ఆయన పేరు సత్తిరాజు. అచ్చమ్మపేటలోని జిల్లా మితవ్యయ ప్రోత్సాహక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. జనం అనవసరపు ఖర్చులు మానుకోవాలని ఊరూరా తిరిగి చెప్పడం ఆ కార్యాలయం పని. పగలంతా ఆ సంగతి చెప్పి చెప్పి అలిసిపోయి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, ఫోను తీసి ఏదో ఒకటి కొనేవారు. చెప్పేటందుకే నీతులు కదా. అంతకు మించి చెడ్డ అలవాట్లేవీ లేవు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. "వేరేవాళ్ళ మొగుళ్ళని చూడవే భ్రమరా" అనేవారు. చూశాను. వేరేవాళ్ళ మొగుళ్ళ వ్యసనాలకి పార్సిళ్ళు రావు, అటక అక్కర్లేదు.

వెల్లుల్లి రెబ్బలు పెట్టి దొర్లిస్తే పొట్టు ఊడే రబ్బరు గొట్టం కొన్నారు. ఊడింది నా అరచేతి తోలు. జంతికలూ జిలేబీలూ రెండూ వేసే తుపాకీ ఒకటి. పిండి ముద్ద పెడితే చపాతీ చేసిచ్చే కరెంటు యంత్రం, మెడకి చుట్టుకునే దిండు, లైటున్న వీపు గోకుడు కర్ర, పాదాలు లోపల పెడితే మర్దనా చేసే పెట్టె. ఇవి పైకి కనబడేవి. వీటన్నిటి వెనకా అడ్డంగా ఒక మడత నిచ్చెన. అటక ఎక్కడానికని కొన్నారు. అది అటక మీదే ఉంది. అటక ఎక్కాలంటే స్టూలు వేసుకోవాలి.

ఆ నిచ్చెనకి అవతల, గోడవార, మా అమ్మ జాడీ ఉంది. పైన గోధుమరంగూ కింద తెలుపూ ఉండే పెద్ద పింగాణీ జాడీ. మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది. అమ్మ పోయాక మా అన్నయ్యలూ వదినలూ నీకేం కావాలో చెప్పమంటే నేనడిగింది అదొక్కటే. పిచ్చిదన్నారు. అననివ్వండి. ఆ జాడీలో పెట్టిన ఆవకాయ మళ్ళీ కొత్తావకాయ వచ్చేనాటికి కూడా నిన్న కలిపినట్టే ఉండేది. ఏ ఏటి ముక్క అయినా నోట్లో పెట్టుకుంటే అమ్మ చెయ్యి తెలిసేది నాకు. మావారి కొనుగోళ్ళు ఒక్కొక్కటే అటకెక్కి జాడీని వెనక్కి నెట్టేశాయి. అప్పట్నుంచీ ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నాను. శ్రావణం రాకుండానే బూజు పడుతోంది.

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్నే ఆయన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టారు.

"చూడు భ్రమరా, ఉల్లిపాయలు కోసే యంత్రం. కంట్లోంచి ఒక్క చుక్క రాదంట. రేపటి దాకానే ఈ ధర."

"వెల్లుల్లి గొట్టం కొన్నప్పుడు కూడా ఇదే మాటన్నారు."

"అది వేరే, ఇది వేరే. నీ కోసమే కదే కొనేది!"

అంతకు ముందైతే పోట్లాడేదాన్ని. పోట్లాడి పోట్లాడి విసుగొచ్చింది.

"నిక్షేపంలా కొనండి. కాకపోతే ముందు అటక మీంచి ఒకటి దించి, పొద్దుగూకేదాకా దాన్ని వాడి చూపించండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి. నేను కిక్కురుమంటే ఒట్టు" అన్నాను.

ఇంతేనా అన్నట్టు చూసి, స్టూలెక్కి చపాతీ యంత్రం దించారు. మొదటి చపాతీ లోపలే ఉండిపోయింది. రెండోది వచ్చింది గానీ అది అప్పడమో చపాతీయో తేల్చుకోలేకపోయాం. మూడోది వస్తుండగా ఇంట్లో కరెంటు పోయింది. మధ్యాహ్నమంతా దాన్ని విప్పి, ఎండిన పిండి చెంచాతో గోకి, మళ్ళీ బిగిస్తే రెండు మరలు మిగిలాయి. సాయంత్రం ఆయన కుర్చీలో కూలబడి, "ఉల్లిపాయల యంత్రం వద్దే. కోరికే చచ్చిపోయింది" అన్నారు, తనకి తనే ఆశ్చర్యపోతూ.

చపాతీ యంత్రాన్ని నేను మళ్ళీ పైకి పోనివ్వలేదు. వీధి చివర టిఫిన్ల కొట్టతనికి మరలతో సహా ఇచ్చేశాను.

అదే మా ఇంట్లో నియమమైంది. కొనాలనిపిస్తే ఒకటి దించాలి, పొద్దుగూకేదాకా వాడాలి, దించింది మళ్ళీ పైకెక్కకూడదు. పార్సిళ్ళు తెచ్చే అతను మా వీధి మొహం మరిచిపోయాడు. అటక ముందువైపు నుంచి ఖాళీ అవుతూ వచ్చింది. మాఘమాసానికల్లా స్టూలెక్కి చూస్తే నిచ్చెన మెట్ల సందులోంచి జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మామిడికాయ వచ్చేలోగా జాడీ దింపుతాను, చూస్తూ ఉండు" అన్నారు మావారు. నమ్మాను. ఆ మాట అన్నప్పుడు ఆయన చేతిలో ఫోను లేదు మరి.

కానీ మావారి కడుపులో ఏ మాటా దాగదు. మధ్యాహ్నం క్యారియరు విప్పుకుని ఆఫీసులో అందరికీ అటక సంగతి చెప్పారు. అది ఆ నోటా ఈ నోటా పడి సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావు గారి గది దాకా వెళ్ళింది.

త్రివిక్రమరావు గారి కష్టం త్రివిక్రమరావు గారిది. ఏడాదికొకసారి ప్రతి జిల్లా నుంచీ ఒక వినూత్న పథకం రాజధానికి పంపాలి. మార్చి ముంచుకొస్తోంది. ఆయన దగ్గరున్నదల్లా స్కూలు పిల్లలకి మట్టి హుండీలు పంచే పథకం ఒక్కటే. అది ఆయనకి ముందున్నాయనా, ఆయనకి ముందున్నాయనా కూడా పంపారు.

మర్నాడే జీపులో మా ఇంటికొచ్చారు. స్టూలెక్కారు. స్టూలు మూలిగింది. అటక లోపలికి తల పెట్టి చాలాసేపు చూసి, తల ఇవతలికి తీయకుండానే అన్నారు.

"అమ్మా, తమరు దీన్ని అటక అనుకుంటున్నారు."

"అటకేనండి."

"కాదమ్మా. ఇది వ్యక్తిగత వాంఛా నియంత్రణ కేంద్రం."

"దాని వెనక మా జాడీ ఉందండి."

"అన్నీ ఉంటాయమ్మా. కాఫీలో పంచదార కొంచెం తక్కువ" అంటూ దిగారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మావారు భోజనాల దగ్గర నిలబడి మరీ చదివి వినిపించారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఏ వస్తువునైనను కొనదలచిన ఉద్యోగి ముందుగా తన గృహమందలి అటకపై నుండి ఒక పాత వస్తువును అవరోహణ గావించి, సూర్యాస్తమయము వరకు సదరు వస్తువును వినియోగించి, తత్ఫలితముగా నశించిన కోరికను మరుసటి పనిదినమున కార్యాలయమునకు నివేదించవలెను." కింద మావారి పేరుంది. ఆయన్ని జిల్లా అటకల సమన్వయాధికారిగా వేశారు. హోదా పొడుగైంది, జీతం పొట్టిగానే ఉంది. ఆయన మాత్రం ఆ రోజు అద్దం ముందు రెండుసార్లు తల దువ్వుకున్నారు.

మొదట వచ్చిన చిక్కు అపార్టుమెంట్ల వాళ్ళతో. "మాకు అటకల్లేవండి" అన్నారు వాళ్ళు. అటక లేని కారణంగా ఏ ఉద్యోగీ నిగ్రహానికి దూరం కారాదని త్రివిక్రమరావు గారు టెండర్లు పిలిచి చెక్క అటకలు కొట్టించారు. అటకలయ్యాక నిచ్చెనలు. నిచ్చెనలయ్యాక, పడితే కట్టుకోవడానికి మందుల పెట్టెలు. ఖర్చులు తగ్గించే పథకానికి ఇన్ని కొనడమేమిటండీ అని ఎవరో నోరు జారారట. "ఇవి కొనుగోళ్ళు కావు, మౌలిక వసతులు" అని ఆయన సెలవిచ్చారట.

రెండో చిక్కు జోగినాథం గారు.

ఆయన ఆ ఆఫీసులోనే లెక్కల గుమాస్తా. పెళ్ళి చేసుకోలేదు. కాలవ గట్టున ఒక గదీ వంటిల్లూ ఉన్న పెంకుటింట్లో ఉంటారు. రెండు చొక్కాలు, ఒక గొడుగు, ఒక రేడియో ఆయన సంసారం. ఒకరోజు సాయంత్రం గొడుగు చంకలో పెట్టుకుని మా వరండాలోకి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

"సత్తిరాజు గారున్నారాండి, అమ్మగారూ? నాకు మెమో ఇచ్చారండి."

"మీకా? మీరేం తప్పు చేశారండీ?"

"ఏమీ కొనలేదంటండి."

చదివితే నిజమే. "తమ అటకను తనిఖీ చేయగా, నిద్రించుచున్న ఒక పిల్లి మినహా ఏమియు లేనట్లు తేలినది. అవరోహణకు వస్తువు లేనందున, తమకు కోరిక కలిగినచో దానిని అణచు మార్గము లేదు. కావున తాము ఈ శాఖలోకెల్ల అత్యంత ప్రమాదకర స్థితిలో నున్నారు. వారము లోపల తగినన్ని అనవసర వస్తువులు కొని అటకపై నుంచి, హాజరు కావలెను."

"నాకు కోరికల్లేవు సార్ అని మొర పెట్టుకున్నానండి" అన్నారు జోగినాథం గారు. "లేవని ఏమిటి దాఖలా, ఒక్కటైనా అణిచినట్టు రికార్డుందా అన్నారండి. పోనీ పిల్లిని దించుతానండీ అన్నాను. అది వినియోగ వస్తువు కాదంటండి."

మావారు ఆయన భుజం మీద చెయ్యేసి, "నేనున్నాను కదా, మీరు దిగులు పడకండి" అన్నారు. ఆ గొంతులో ఉన్నది జాలి కాదు. హుషారు.

జోగినాథం గారిలాంటి వాళ్ళు ఆఫీసులో ఇంకా కొందరు తేలారు. ఒక ఆవిడైతే పండగ పండక్కీ అటక దులిపి శుభ్రం చేసుకునే అలవాటున్న మనిషి. ఆమెకి చార్జిమెమో. ఇలాంటి వెనకబడిన అటకల కోసం శాఖే ప్రాథమిక సామగ్రి సరఫరా చేయాలని నిర్ణయించారు. వస్తువులు పూర్తిగా అనవసరమైనవై ఉండాలి. పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. బకెట్టుని తిరస్కరించారు, పనికొస్తుందని. ఇనప మూకుడు కూడా అలాగే పోయింది. కమిటీకి ఎటూ పాలుపోక, ఇలాంటివి ఎవరికి బాగా తెలుసునని వెతికి, మావారినే కొనుగోళ్ళకి బాధ్యుణ్ణి చేశారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ఇంక ఆయన్ని పట్టడం ఎవరి తరం? ఇంటికి రాగానే ఫోను తీసేవారు. నేను చూస్తే, "డ్యూటీ" అనేవారు. అన్నం తింటూ డ్యూటీ. పళ్ళు తోముకుంటూ డ్యూటీ. మొక్కజొన్న గింజలు ఒలిచే ఉంగరాలూ, పాడే సబ్బు పెట్టెలూ, గుడ్డుని నలుచదరంగా ఉడికించే గిన్నెలూ నమూనాలకని రావడం మొదలైంది. మేం దించి వదిలించుకున్న మెడ దిండూ, జిలేబీ తుపాకీ, పాదాల పెట్టె, వీపు గోకుడు కర్రా కూడా కొత్తవి మళ్ళీ వచ్చాయి. పార్సిళ్ళు తెచ్చే అతను మళ్ళీ నన్ను అక్కా అని పిలవసాగాడు. ఆఫీసు స్టోరు నిండిపోయిందని ఆ నమూనాలన్నీ ఎక్కడ పెట్టారనుకున్నారు? మా అటక మీద. "తాత్కాలికంగానే భ్రమరా" అన్నారు. ఒకరోజు స్టూలెక్కి చూస్తే వాసెన గుడ్డ లేదు, జాడీ లేదు, నిచ్చెన కొస కూడా లేదు. అట్టపెట్టెలు కప్పు దాకా ఉన్నాయి.

ఉగాది వెళ్ళింది. బజార్లో కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ దిగింది. గోరుచుట్టు మీద రోకలి పోటులా అప్పుడే వచ్చింది ఇంకో ఉత్తర్వు. పథకాన్ని చూడడానికి రాజధాని నుంచి పర్యవేక్షక బృందం వస్తోంది. మా అటకని ఆదర్శ అటకగా ప్రకటించారు. బృందం వచ్చేదాకా అందులోంచి పుల్ల కూడా కదపకూడదట. ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి అటకకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి, రెండు కొసలా లక్క ముద్ర కొట్టి, కాఫీలు తాగి వెళ్ళారు.

మర్నాడు నేనే ఆఫీసుకి వెళ్ళాను. త్రివిక్రమరావు గారి కుర్చీ వెనక గోడ మీద "కొనే ముందు ఆగు, ఆలోచించు" అని పెద్దక్షరాలతో బోర్డుంది. మావారు పక్క బల్ల దగ్గర తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు.

"మా జాడీ ఒక్కటి దించుకోనివ్వండి. కాయ ముదిరిపోతోందండి" అన్నాను.

"సదరు జాడీ ఎప్పుడు కొన్నారమ్మా?"

"కొన్నది కాదండి. మా అమ్మది."

"అదే వచ్చింది చిక్కు. కొనని వస్తువు పథకం పరిధిలోకి రాదు. పరిధిలోకి రానిదాన్ని దించితే అది అవరోహణ అనిపించుకోదు, ముద్ర ఉల్లంఘన అనిపించుకుంటుంది."

"పరిధిలోకి రానిదాన్ని ముద్ర వెనక మీరెందుకు పెట్టారండీ మరి?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మంచి ప్రశ్న. లిఖితపూర్వకంగా అడగండి. బృందం వెళ్ళాక పరిశీలిస్తాం."

"అప్పటికి కాయ పండిపోతుందండి."

"చూడండమ్మా, ఆడపడుచులాంటివారు కాబట్టి చెబుతున్నాను. ఒక జాడీ కోసం ఇంత మథనపడడం దేనికి? బజార్లో బ్రహ్మాండమైనవి దొరుకుతున్నాయి. కొత్తది కొనేసుకోండి."

బోర్డు వైపు చూశాను. బోర్డు నా వైపు చూసింది. మావారు మాత్రం రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. నేను కొంగు బిగించుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

"ఇంకెన్నాళ్ళే, బృందం వచ్చి వెళ్ళేదాకా" అని మొదలెట్టారు మావారు. "రాష్ట్రస్థాయి పురస్కారం అంటున్నారు. సూపరింటెండెంటుగా ప్రమోషను కూడా ఇస్తామన్నారు. కాస్త ఓర్చుకో."

"ఇన్నాళ్ళూ ఓర్చుకోక ఏం చేశాను? మీరు కొన్నవన్నీ నా నెత్తి మీదే ఉన్నాయి, ఆ అటక మీద. నేను ఈ ఇంట్లో కావాలన్నది ఒక్కటి. అది కొనక్కర్లేదు కూడా. అందుకే కాబోలు మీ కంటికి ఆనలేదు."

ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది. ఉల్లిపాయల యంత్రం దీనికి పనికిరాదు. ఆయన చెయ్యి అలవాటుగా ఫోను మీదికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో జోగినాథం గారి గొంతు వినబడింది. పాపం ఆయన, ఇలాంటప్పుడు ఏం మెమో ఇచ్చారో అనుకుంటూ కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాను. మనిషి గుర్తుపట్టలేనట్టున్నారు. పూల చొక్కా, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం, గొడుగు బదులు కొత్త ఫోను. మొహం వెలిగిపోతోంది.

"ఆ పాదాల పెట్టె కొన్నానండి, సత్తిరాజు గారూ. అబ్బబ్బ, ఏం సుఖమండీ బాబూ! ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటండి నాకు? అటక నిండిపోయిందండి. పిల్లి వెళ్ళిపోయిందనుకోండి. ఇంకో మెమో ఇప్పించగలరేమోనని వచ్చాను. మెమో ఉంటే కొనడానికి ఆఫీసులో అడ్వాన్సు ఇస్తున్నారు కదండీ." ఫోను మావారి మొహం ముందు పెట్టారు. "ఇది చూడండి, లైటున్న దువ్వెన. రేపటి దాకానే ఈ ధర."

మావారు ఫోను చూడలేదు. జోగినాథం గారి మొహం చూశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది ఆ మనిషికి. మందిచ్చిన వైద్యులు మావారే. ఆయన లోపలికి వెళ్ళి, అటక కింద నిలబడి ఆ ఎర్ర రిబ్బను వైపు చూస్తూ ఉండిపోయారు.

బృందం వచ్చే రోజు పొద్దున్నే నేను బజారుకి వెళ్ళి కాయలు తెచ్చుకున్నాను. టెంకతో సహా ముక్కలు కొట్టించి, ఒక్కొక్కటీ తుడిచి, హాల్లో పాత పంచె మీద ఆరబోశాను. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె వరసగా పెట్టుకున్నాను. కోసిన ముక్క సాయంత్రం దాకా ఆగదు, ఆ సంగతి మావారికి తెలుసు. "ఏ దాంట్లో పెడతావే?" అన్నారు. "మీ ఇష్టం" అన్నాను.

బృందం అంటే రాజధాని నుంచి ఒక మేడమ్ గారూ, ఆవిడ వెనక ఇద్దరు అధికారులూ. వాళ్ళకి దారి చూపిస్తూ త్రివిక్రమరావు గారు. మూల నిలబడడానికి జోగినాథం గారు, ప్రగతి సాధించిన లబ్ధిదారుగా. లోపలికి రాగానే ఆవఘాటుకి అందరూ తుమ్మారు. ముక్కలు తొక్కకుండా కాళ్ళెత్తి నడిచి అటక కిందికి చేరారు. మేడమ్ గారు పళ్ళెంలోంచి కత్తెర తీసుకుని రిబ్బను కత్తిరించారు.

"ఇప్పుడు మన సమన్వయాధికారి అటక నుండి ఒక వస్తువును అవరోహణ చేసి, కోరిక ఏ విధంగా నశించునో ప్రత్యక్షంగా ప్రదర్శిస్తారు" అని ప్రకటించారు త్రివిక్రమరావు గారు.

మావారు స్టూలెక్కి మెడ దిండు దించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మావారు దిగలేదు. జిలేబీ తుపాకీ దించారు. పాదాల పెట్టె దించారు. అట్టపెట్టెలు ఒకదాని వెనక ఒకటి కిందికి రాసాగాయి.

"సత్తిరాజూ, ఒక్కటే! కోరికకి ఒక్క వస్తువే!" అని పళ్ళ బిగువున అన్నారు త్రివిక్రమరావు గారు.

"అవును సార్. మా ఆవిడ కోరిక అన్నిటికంటే వెనకుందండి."

ప్రమోషను ఆ మాటతో పోయిందని మావారికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మనిషి మీద ఇన్నేళ్ళ కోపం నాకు ఆ ఒక్క క్షణంలో దిగిపోయింది.

త్రివిక్రమరావు గారు స్టూలు పట్టుకుని లాగేసేవారే. కానీ వెనక నుంచి మేడమ్ గారి గొంతు వినిపించింది. "ఇది ఎక్కడ తీసుకున్నారండీ?" ఆవిడ మెడకి దిండు చుట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఉన్నారు. పక్క అధికారి బూట్లు విప్పి పాదాల పెట్టెలో కాళ్ళు పెట్టేశాడు. రెండో ఆయన జిలేబీ తుపాకీని గోడకి గురిపెట్టి నొక్కి చూసుకుంటున్నాడు. జోగినాథం గారు పక్కన చేరి ఒక్కొక్క దాని గుణగణాలూ వివరిస్తున్నారు.

"ఉంచేసుకోండి మేడమ్" అన్నాను.

"అయ్యో, వద్దండీ. మేం కానుకలు తీసుకోకూడదు" అన్నారావిడ, దిండు విప్పకుండా.

"కానుక కాదు మేడమ్, క్షేత్రస్థాయి నమూనాల సేకరణ" అన్నారు త్రివిక్రమరావు గారు. అప్పటికే ఆయన చేతిలో లైటున్న వీపు గోకుడు కర్ర ఉంది. చెయ్యి కాలరు వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన మొహంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు.

అటక మీద ఒక్క నమూనా మిగల్లేదు. చదరపు గుడ్ల గిన్నెలు సైతం జీపెక్కాయి. చివరికి నిచ్చెన దిగింది. కొన్న ఇన్నాళ్ళకి దాన్ని మొదటిసారి విప్పి నిలబెట్టాం. జోగినాథం గారు అడుగున పట్టుకున్నారు. మావారు పైదాకా ఎక్కి, లోపలికి పాకి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని మా అమ్మ జాడీతో దిగారు. దుమ్ము తప్ప దానికేమీ కాలేదు. కొంగుతో తుడిస్తే పెచ్చూడిన చోటు వేలికి తగిలింది. నేను అక్కడే కూర్చుని ఆవకాయ కలిపాను. ఎవరు వెళ్ళారో, ఎవరు ఉన్నారో చూసుకోలేదు.

పురస్కారం పక్క జిల్లాకి వచ్చింది, మట్టి హుండీలకి. ప్రమోషను ఎవరికొచ్చిందో మేం అడగలేదు. మావారికి మాత్రం మెమో వచ్చింది. "తమ అటక పూర్తిగా ఖాళీగా నున్నట్లు తేలినది. కావున తాము అత్యంత ప్రమాదకర స్థితిలో నున్నారు. వారము లోపల తగినన్ని అనవసర వస్తువులతో దానిని నింపి నివేదించవలెను."

మావారు దాన్ని రెండుసార్లు చదివి, నిచ్చెనెక్కి అటక మీద పెట్టారు. అటక మీద అనవసర వస్తువు ఉన్నదని ఆఫీసుకి జవాబు రాశారు. దానికి ఇంతవరకూ మళ్ళీ ఏమీ రాలేదు.

మొన్న ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఫోను పట్టుకుని నా చుట్టూ తిరిగారు. కొబ్బరికాయ పీచు తీసే యంత్రమట. రేపటి దాకానే ఆ ధరట.

"నిక్షేపంలా కొనండి. ముందు అటక మీంచి ఒకటి దించండి" అన్నాను.

వెళ్ళి చూశారు. ఉన్నది అదొక్కటే. నియమం నియమమే కాబట్టి దించి, కుర్చీలో కూర్చుని చదవడం మొదలెట్టారు. "ఖాళీగా నున్నట్లు" దగ్గర ఒకసారి, "ప్రమాదకర స్థితిలో" దగ్గర ఒకసారి కునికిపాట్లు పడ్డారు. లేచి మళ్ళీ మొదటి నుంచీ చదివారు. పొద్దుగూకేసరికి ఫోను తీసి పక్కన పెట్టేశారు.

"కోరిక చచ్చిపోయిందే భ్రమరా. ఆకలేస్తోంది, అన్నం పెట్టు."

ఆ మెమోని నలగకుండా మడిచి మళ్ళీ అటక మీద పెట్టించాను. అది ఒక్కటే తిరిగి పైకెక్కొచ్చని మా నియమం సవరించుకున్నాం. తర్వాత కంచం పెట్టి, జాడీ వాసెన విప్పాను.